పచ్చ గుర్తు వెనక 52 రోజులు: ఒక వీఎం డిస్క్ నకలు మీద కేస్ స్టడీ

విజయవాడలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్. రోజుకు 300 దాకా శాంపిల్స్ వస్తాయి. రిజిస్ట్రేషన్ నుంచి రిపోర్టు ప్రింట్ దాకా మొత్తం ఒకే సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుంది. ఆ సాఫ్ట్‌వేర్, దాని పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ రెండూ ఒకే వర్చువల్ మెషీన్‌లో (వీఎం, అంటే సర్వర్ లోపల సాఫ్ట్‌వేర్‌గా నడిచే ఇంకో కంప్యూటర్) ఉన్నాయి. ఆ వీఎం డిస్క్ 300 జీబీ. సర్వర్లు రెండు. రెండింటి మీదా ఉబుంటు లినక్స్, వీఎంలను నడిపే కేవీఎం. ఒకటి వీఎంని నడుపుతుంది, రెండోది దాని డిస్క్‌కు నకలు పట్టుకుని సిద్ధంగా ఉంటుంది. నడిపేదాన్ని ‘ఏ’ అని, నకలు ఉన్నదాన్ని ‘బి’ అని రాస్తాను.

నాకు అప్పగించిన పని చిన్నదే. అంతకుముందు చూసిన ఇంజనీరు గారు వేరే ఊరు వెళ్లిపోయారు. ఏ ఆగిపోతే బి మీద ల్యాబ్ నడుస్తుందో లేదో ఒకసారి పరీక్ష చేసి చూపించాలి. ల్యాబ్ ఇన్‌చార్జ్ మేడమ్ గారు తన ఫోన్ తీసి చూపించారు. రోజూ ఉదయం 6 గంటలకు ఆమెకు ఒక మెసేజ్ వస్తుంది: ‘డిస్క్ నకలు: అప్‌టుడేట్/అప్‌టుడేట్’. పక్కన పచ్చ గుర్తు. వారాల తరబడి వెనక్కి జరిపినా అన్నీ పచ్చవే.

“ఇదొక్కటి చూసుకుంటే చాలు, ఇంక టెన్షన్ లేదండి నాకు” అన్నారు ఆవిడ.

పరీక్ష అంటే ‘ఏ’ సర్వర్ ప్లగ్ పీకడమే. పీకే ముందు నాకో అలవాటుంది. మానిటరింగ్ స్క్రిప్ట్ ఏం చెబుతోందో పక్కన పెట్టి, అది చదివే అసలు స్టేటస్‌ను నా కళ్లతో చూస్తాను. ‘ఏ’ మీద, డిస్క్‌కు నకలు తీసే డీఆర్‌బీడీ స్టేటస్ తెరిచాను. కనెక్షన్: కనెక్టెడ్. డిస్కులు: అప్‌టుడేట్/అప్‌టుడేట్. ఇంతవరకూ మెసేజ్‌లో ఉన్నదే. ఈ రెండింటి మధ్య ఇంకో మాట ఉంటుంది, రోల్ అని. అక్కడ ‘సెకండరీ/సెకండరీ’ అని ఉంది.

అంటే ఆ డిస్క్‌ను ఈ క్షణంలో ఎవరూ వాడటం లేదని డీఆర్‌బీడీ చెబుతోంది. వెనక గదిలో ప్రింటర్ మాత్రం రిపోర్టులు కక్కుతూనే ఉంది. కింద లైన్ చూశాను. నెట్‌వర్క్ మీద పంపింది: 0. డిస్క్ మీద రాసింది: 0.

ప్లగ్ జోలికి వెళ్లకుండా కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

డీఆర్‌బీడీ ఎక్కడ కూర్చుంటుంది

తెలియని వాళ్లకోసం కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే జరిగినదంతా ఈ ఒక్క విషయం మీదే ఆధారపడి ఉంది. డీఆర్‌బీడీ లినక్స్ కెర్నల్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగంలో) ఉండే ఒక డ్రైవర్. వియన్నాలో ఫిలిప్ రైస్నర్ మొదలుపెట్టారు. ఇప్పుడు లిన్‌బిట్ కంపెనీ చూసుకుంటోంది. 2010లో వచ్చిన 2.6.33 నుంచి అది అసలు కెర్నల్‌లోనే భాగం. అది నిజమైన డిస్క్‌కు, ఆ డిస్క్‌ను వాడేవాళ్లకు మధ్య ఒక పొరగా ఉంటుంది. మన కేసులో కింద ఉన్నది ఒక ఎల్‌వీఎం వాల్యూమ్, అంటే అసలు డిస్క్‌లోంచి విడదీసిన ఒక భాగం. దాని మీద డీఆర్‌బీడీ పరికరం. దాని మీద వీఎం. వీఎం ఏదైనా రాస్తే అది డీఆర్‌బీడీ గుమ్మం దాటాలి. అక్కడ ఒక కాపీ కింది డిస్క్‌కు, ఒక కాపీ కేబుల్ మీదుగా రెండో సర్వర్‌కు వెళ్తాయి.

రాత ‘పూర్తయింది’ అని ఎప్పుడు చెప్పాలన్నది ప్రోటోకాల్‌ను బట్టి ఉంటుంది. ప్రోటోకాళ్ల పేర్లూ ఏ, బి, సిలే, మన సర్వర్ల పేర్లతో సంబంధం లేదు. ‘ఏ’ ప్రోటోకాల్‌లో మన డిస్క్ మీద పడి, పంపే బఫర్‌లోకి చేరితే చాలు. ‘బి’లో అవతలి సర్వర్ మెమరీ దాకా చేరాలి. ‘సి’లో రెండు డిస్కుల మీదా పడిన తర్వాతే వీఎంకు సరేనని జవాబు వస్తుంది. ఈ సెంటర్‌లో పెట్టింది సి. రెండు సర్వర్లూ ఒకే ర్యాక్‌లో, మధ్యలో నేరుగా ఒక గిగాబిట్ కేబుల్ ఉన్నప్పుడు అదే సరైనది. ఐదు నిమిషాలకో పదిహేను నిమిషాలకో ఒకసారి నకలు తీసే పద్ధతులు వేరే ఉన్నాయి. ప్రాక్స్‌మాక్స్‌లో జెడ్‌ఎఫ్‌ఎస్ రెప్లికేషన్, హైపర్-వి రెప్లికా అలాంటివే. చాలా ఆఫీసులకు అవి చాలు. ల్యాబ్‌లో పదిహేను నిమిషాలు పోతే, రక్తం తీయించుకుని ఇంటికి వెళ్లిపోయిన మనిషిని మళ్లీ సూది కోసం పిలవాలి. పాత ఇంజనీరు గారు సి ఎంచుకోవడం బాగా ఆలోచించి చేసిన పనే.

అయితే డీఆర్‌బీడీ తన గుమ్మం దాటి వెళ్లినదాన్నే లెక్కపెడుతుంది. దొడ్డిదారిన ఎవరైనా కింది డిస్క్‌లోకి వెళ్లి రాస్తే దానికి తెలియదు. తన లెక్కలో రెండు వైపులా సమానమే కాబట్టి, అప్‌టుడేట్ అనే చెబుతుంది.

దొడ్డిదారి ఎలా తెరుచుకుంది

వీఎం నిర్వచన ఫైల్ తెరిచి చూస్తే డిస్క్ దారి డీఆర్‌బీడీ పరికరానికి కాకుండా నేరుగా ఎల్‌వీఎం వాల్యూమ్‌కు ఉంది. ఫైల్ మార్చిన తేదీ మార్చి 12, ఉదయం 5:50. ప్యాకేజీల లాగ్ పక్కన పెట్టి చదివితే కథ మొత్తం దొరికింది.

మార్చి 11 రాత్రి ఏ మీద కెర్నల్ అప్‌డేట్ అయి రీబూట్ అయింది. ఉబుంటులో డీఆర్‌బీడీ మాడ్యూల్ ప్రధాన కెర్నల్ ప్యాకేజీలో ఉండదు, ‘మాడ్యూల్స్ ఎక్స్‌ట్రా’ అనే వేరే ప్యాకేజీలో ఉంటుంది. కొత్త కెర్నల్‌కు ఆ ఎక్స్‌ట్రా ప్యాకేజీ పడలేదు. దాంతో డీఆర్‌బీడీ లేవలేదు, వీఎం లేవలేదు. ఆరింటికల్లా ఫాస్టింగ్ శాంపిల్స్ ఇచ్చే జనం బయట నిలబడతారు. పాత ఇంజనీరు గారు వీఎంను నేరుగా కింది వాల్యూమ్‌కు చూపించి లేపారు. లేచింది. లేవడానికి కారణం ఉంది: డీఆర్‌బీడీ తన సొంత లెక్కలను వాల్యూమ్ చివర పెట్టుకుంటుంది, డేటా మాత్రం మొదటి బైటు నుంచే మొదలవుతుంది. కాబట్టి వీఎంకు కింది వాల్యూమ్ కూడా అచ్చం తన డిస్క్ లాగే కనిపిస్తుంది.

ఆ తెల్లవారుజామున ఆయన చేసింది తప్పని నేను అనను. ఆ పూట ల్యాబ్ నడిచింది ఆయన వల్లే. రెండు రోజుల తర్వాత ఎక్స్‌ట్రా ప్యాకేజీ కూడా వేసి డీఆర్‌బీడీని లేపారు. వీఎం దారిని వెనక్కి మార్చడం ఒక్కటి మిగిలిపోయింది. డీఆర్‌బీడీ లేవగానే అటు ఇటు గుర్తింపు సంఖ్యలు పోల్చుకుంది. అవి మార్చి 11న ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. సింక్ చేయాల్సింది ఏమీ లేదని తేల్చుకుని అప్‌టుడేట్ అని రాసింది. మర్నాటి నుంచి పచ్చ గుర్తు రావడం మొదలైంది.

వాల్యూమ్‌ను డీఆర్‌బీడీ తనకే సొంతమని పట్టుకుని ఉంటుంది కదా, వీఎం ఎలా తెరవగలిగిందని చాలామంది అడుగుతారు. ఆ పట్టు ‘నాకూ సొంతంగా కావాలి’ అని అడిగేవాళ్లను మాత్రమే ఆపుతుంది. ఆ వాల్యూమ్‌ను మౌంట్ చేయబోతే బిజీ అని తిప్పికొడుతుంది. వీఎంను నడిపే ప్రోగ్రామ్ క్యూఈఎంయూ అలా అడగదు, మామూలుగా తెరుస్తుంది. అందుకే ఎక్కడా ఒక్క ఎర్రర్ కూడా రాలేదు.

తేడా ఎంతో కళ్లతో చూడాలనిపించింది. బి మీద ఉన్న వాల్యూమ్‌కు ఎల్‌వీఎం స్నాప్‌షాట్ (ఆ క్షణంలో ఉన్నది ఉన్నట్టుగా ఒక ప్రతి) తీసి, దాని మీద ఒక పరీక్ష వీఎంను నెట్‌వర్క్ లేకుండా లేపాను. ల్యాబ్ సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది. చివరి శాంపిల్ రిజిస్ట్రేషన్: మార్చి 11, రాత్రి 9:48. మేము ఆ గదిలో కూర్చున్నది మే 2న. 52 రోజులు. మేడమ్ గారిని పిలిచి చూపించాను. ఆవిడ స్క్రీన్ మీద తేదీని, చేతిలో ఫోన్‌ను రెండుసార్లు మార్చి మార్చి చూశారు. “మరి ఇవాళ ఉదయం మెసేజ్ కూడా వచ్చిందండీ” అన్నారు. ఆ మాటకు నా దగ్గర వెంటనే జవాబు లేదు.

తొందరపడితే ఏమయ్యేది

ఇక్కడ ఎవరికైనా ముందు తోచేది, దారిని డీఆర్‌బీడీకి మార్చి వీఎంను మళ్లీ లేపడం. నాకూ అదే తోచింది. ఈ కేసులో అన్నిటికన్నా ప్రమాదకరమైన పని అదే.

‘ఏ’ సర్వర్ డిస్క్ ఈరోజుది. బి డిస్క్ మార్చి 11ది. రెండూ సమానమని డీఆర్‌బీడీ నమ్ముతోంది. ఆ స్థితిలో వీఎంను డీఆర్‌బీడీ మీద లేపితే, ఆ క్షణం నుంచి రాసే బ్లాకులు మాత్రమే బికి వెళ్తాయి. పాత బ్లాకులు పాతవిగానే ఉండిపోతాయి. ఒక గంటలో బి మీద తయారయ్యేది మార్చి 11 డిస్కూ కాదు, మే 2 డిస్కూ కాదు, రెంటి బ్లాకులూ కలిసిపోయిన ఒక కలగాపులగం. మార్చి నకలు పాతదే అయినా, లేస్తుంది, చదువుతుంది. కలిసిపోయిన నకలు ఫైల్ సిస్టమ్ దగ్గరే పడిపోతుంది. రోల్ ప్రైమరీ/సెకండరీ అని సరిగ్గా చూపిస్తుంది, పంపిన లెక్క పెరుగుతూ ఉంటుంది. అప్పుడు చూసినవాళ్లకు ఏ అనుమానమూ రాదు.

డీఆర్‌బీడీలోనే ఉన్న ఆన్‌లైన్ వెరిఫై నడిపితే సరిపోతుంది కదా అనిపించవచ్చు. వెరిఫై రెండు వైపుల బ్లాకుల చెక్‌సమ్‌లు పోల్చి ఏవి తేడాగా ఉన్నాయో గుర్తుపెడుతుంది. రెంటిలో ఏది సరైనదో మాత్రం అది చెప్పదు. అది మనిషి చెప్పాలి. మాకు ‘ఏ’ సర్వర్‌లోదే సరైనదని తెలుసు కాబట్టి, బి మొత్తం చెల్లదని ప్రకటించి, పూర్తిగా తిరిగి రాయించడమే సరైన దారి.

అలా రాస్తున్నంతసేపూ ‘ఏ’ సర్వర్‌లోది ఒక్కటే మంచి నకలు. అందుకని రాత్రి 10 గంటలకు కౌంటర్ మూశాక ముందు పోస్ట్‌గ్రెస్ డంప్ (డేటాబేస్ మొత్తానికి ఫైల్ కాపీ) తీశాను. వీఎంను ఆపి మొత్తం డిస్క్‌ను ఒక యూఎస్‌బీ హార్డ్‌డిస్క్‌కు ఎక్కించాను. ఇది విసుగు పుట్టించే పని. ఆ రాత్రి ఎక్కువ సమయం దీనికే పోయింది. అయినా దీన్ని వదిలేసి ముందుకు వెళ్లే ధైర్యం నాకు లేదు.

ఇంకొకటి చూడాలి. డీఆర్‌బీడీ వాల్యూమ్ చివర పెట్టుకునే లెక్కలో ప్రధానమైనది ఏ బ్లాకులు తేడాగా ఉన్నాయో గుర్తుపెట్టే ఒక బిట్‌మ్యాప్, 4 కేబీల బ్లాకుకు ఒక బిట్ చొప్పున. ఒక టీబీ డిస్క్‌కు 32 ఎంబీ అవుతుంది. మన 300 జీబీకి సుమారు 9.4 ఎంబీ. 52 రోజులూ వీఎం దొడ్డిదారిన ఉంది కాబట్టి ఈ చివరి 9.4 ఎంబీ కూడా దానికి ఖాళీ జాగాగానే కనిపించింది. లోపల ఎవరైనా పార్టిషన్‌ను ‘డిస్క్ చివరిదాకా’ పెంచి ఉంటే ఆ లెక్కలు చెరిగిపోయేవి. వీఎం పార్టిషన్ పట్టిక తీసి చివరి సెక్టార్‌ను డీఆర్‌బీడీ పరికరం సైజుతో పోల్చాను. లోపలే ముగిసింది. ఆ లెక్కల (మెటాడేటా) డంప్ కూడా శుభ్రంగా వచ్చింది.

ఆ తర్వాత వరుస ఇది. ఏని ప్రైమరీ చేశాను. బి మీద ‘ఇన్‌వ్యాలిడేట్’ ఇచ్చాను. బి పక్కన అప్‌టుడేట్ పోయి ‘ఇన్‌కన్సిస్టెంట్’ వచ్చింది. 52 రోజుల తర్వాత ఆ స్టేటస్‌లో మొదటి నిజం అది. అది కళ్లతో చూశాకే వీఎం దారిని డీఆర్‌బీడీకి మార్చి లేపాను. సింక్ నడుస్తుండగానే వీఎం పని చేసుకోవచ్చు, కొత్త రాతలు కూడా వెంటనే బికి వెళ్తాయి. గిగాబిట్ కేబుల్ మీద 110 ఎంబీ దాకా వెళ్లగలిగినా, రాత్రి అత్యవసర శాంపిల్స్ కోసం సెకనుకు 60 ఎంబీకి కట్టడి చేశాను. 300 జీబీకి 85 నిమిషాలు పట్టింది. మళ్లీ అప్‌టుడేట్ అని వచ్చేసరికి తెల్లవారుజామున మూడున్నర.

సరిచేసిన మిగతావి

వీఎం డిస్క్ క్యాష్ ‘రైట్‌బ్యాక్’లో ఉంది. అంటే వీఎం రాసినవి కాసేపు ఏ సర్వర్ మెమరీలో ఉండి, ఫ్లష్ (‘వెంటనే డిస్క్ మీద రాయి’) అడిగినప్పుడో తీరికైనప్పుడో డీఆర్‌బీడీకి చేరతాయి. పోస్ట్‌గ్రెస్ ప్రతి కమిట్‌కూ ఫ్లష్ అడుగుతుంది కాబట్టి డేటాబేస్‌కు ముప్పు లేదు. అలా అడగని ఫైళ్లు, ఉదాహరణకు స్కాన్ చేసిన ప్రిస్క్రిప్షన్లు, కొంత వెనకబడతాయి. అలా మెమరీలో ఆగకుండా క్యాష్‌ను ‘నన్’ చేశాను.

వారానికోసారి ఆదివారం మధ్యాహ్నం వెరిఫై పెట్టాను. మొదటి వెరిఫైలోనే 11 బ్లాకులు తేడా అని వచ్చింది. గుండె ఝల్లుమంది. కెర్నల్ లాగ్‌లో ‘అవుట్ ఆఫ్ సింక్’ అని, పక్కన మొదలయ్యే సెక్టార్ సంఖ్య ఇస్తుంది. ఒక్కో సంఖ్యనూ వీఎం పార్టిషన్ పట్టిక పక్కన పెట్టి చూశాను. పదకొండూ స్వాప్ పార్టిషన్‌లోనే (మెమరీ చాలనప్పుడు వీఎం వాడుకునే డిస్క్ భాగం) పడ్డాయి. దీనికి అర్థం ఉంది. స్వాప్‌లోకి ఒక పేజీ రాస్తుండగానే వీఎం ఆ పేజీని వదిలేసి వేరే పనికి వాడుకోవచ్చు. కింది డిస్క్‌కు వెళ్లిన కాపీ, కేబుల్ మీద వెళ్లిన కాపీ రెండు వేర్వేరు క్షణాలవి అవుతాయి. ఆ పేజీని మళ్లీ ఎవరూ చదవరు కాబట్టి నష్టం లేదు. అయినా ప్రతి వారం ‘11 తేడాలు, ఫరవాలేదు’ అని మెసేజ్ వస్తుంటే, పన్నెండోది అసలైన తేడా అయిన రోజు ఎవరూ పట్టించుకోరు. స్వాప్‌ను డీఆర్‌బీడీ లేని వేరే చిన్న వాల్యూమ్‌కు మార్చాను. రెండు సర్వర్ల మీదా ఒక్కోటి. అప్పటి నుంచి వెరిఫై సున్నా చూపిస్తోంది.

ఉదయం మెసేజ్ కూడా మారింది. ఇప్పుడు స్క్రిప్ట్ స్టేటస్‌లోని ఒక మాటను చూసి ఊరుకోదు. వీఎం నడుస్తున్న సర్వర్ మీద రోల్ ప్రైమరీయేనా, నిన్నటికన్నా పంపిన లెక్క పెరిగిందా, వీఎం డిస్క్ దారి డీఆర్‌బీడీకే ఉందా, చివరి వెరిఫై ఎప్పుడు జరిగింది అని నాలుగూ చూస్తుంది. దారి వేరే ఉంటే వీఎం లేవకుండానే ఆపే ఒక లిబ్‌వర్ట్ హుక్ (వీఎం లేచే ముందు నడిచే చిన్న స్క్రిప్ట్) కూడా పెట్టాను. మేడమ్ గారి కోరిక మీద ఐదో లైన్ ఒకటి చేర్చాం: బి వైపు నకలుకు వారానికోసారి స్నాప్‌షాట్ తీసి, అందులోని చివరి శాంపిల్ తేదీ. ఆవిడ ఇప్పుడు ముందు చూసేది ఆ లైనే.

రోజువారీ డంప్ వేరే చోటికి వెళ్లడం కూడా మొదలైంది. ఏ మీద ఎవరైనా పొరపాటున ఒక టేబుల్ చెరిపేస్తే అదే క్షణంలో బి మీదా చెరుగుతుంది. డీఆర్‌బీడీ పని అదే.

ప్లగ్ పీకిన రోజు

అసలు అడిగిన పరీక్ష మూడు వారాల తర్వాత ఒక ఆదివారం చేశాం.

బి తనంతట తాను పగ్గాలు తీసుకునేలా ఆటోమేటిక్ ఏర్పాటు పెట్టమని అడిగారు. నేను వద్దన్నాను. రెండే సర్వర్లు, మధ్యలో ఒకే కేబుల్. కేబుల్ ఊడితే రెండూ ‘అవతలిది చచ్చిపోయింది’ అనుకుని రెండు చోట్లా వీఎంను లేపుతాయి. దీన్నే స్ప్లిట్ బ్రెయిన్ అంటారు. ఒకే శాంపిల్ నంబర్ మీద ఇద్దరు పేషెంట్లు రిజిస్టర్ అవుతారు. తర్వాత రెంటిలో ఒక డిస్క్‌ను పారేయాల్సిందే. అవతలి సర్వర్‌కు కరెంటు ఖాయంగా తీసేసే సాధనం ఉంటే ఆటోమేటిక్ పెట్టవచ్చు. ఈ సర్వర్లకు అది లేదు. ల్యాబ్‌లో 24 గంటలూ మనిషి ఉంటారు. ఆ మనిషే ఆ సాధనం.

ర్యాక్ తలుపుకు ఒక కాగితం అంటించాం, పెద్ద అక్షరాల్లో, తెలుగులో. మొదటి లైన్: ‘ఏ సర్వర్ ప్లగ్ గోడ నుంచి తీసేయండి. తీసిన ప్లగ్ చేతిలో పట్టుకోండి.’ ఆ తర్వాతే బిని ప్రైమరీ చేసే కమాండ్, వీఎంను లేపే కమాండ్.

పరీక్షలో ప్లగ్ తీసి, బిని ప్రైమరీ చేయడం దాకా సాఫీగా జరిగింది. వీఎం లేచింది కానీ ఎనలైజర్లు కనెక్ట్ కాలేదు. డీఆర్‌బీడీ డిస్క్‌ను మాత్రమే నకలు చేస్తుంది, వీఎం నిర్వచన ఫైల్‌ను కాదు. బి మీద ఉన్న ఆ ఫైల్ ఏనాటిదో, అందులో వీఎంను నెట్‌వర్క్‌కు కలిపే బ్రిడ్జి పేరు పాతది. మార్చాక అన్నీ కలిశాయి. మొత్తం 19 నిమిషాలు, అందులో 15 ఈ ఒక్కదానికే. ఇప్పుడు ఆ ఫైల్ కూడా రోజూ ఏ నుంచి బికి కాపీ అవుతుంది.

ఏని మళ్లీ ఆన్ చేసినప్పుడు లాగ్‌లో ‘అదనంగా 4948 ఎంబీ అవుట్ ఆఫ్ సింక్‌గా గుర్తించాను’ అని వచ్చింది. ఈ సంఖ్య చూసి కంగారు పడక్కర్లేదు. ఏ ప్రైమరీగా ఉండి చచ్చిపోయింది కాబట్టి, ఆ క్షణంలో ఎక్కడ రాస్తోందో దానికి కచ్చితంగా తెలియదు. ఇటీవల రాసిన ప్రాంతాలను 4 ఎంబీల ముక్కలుగా ఒక జాబితాలో ఉంచుకుంటుంది. ఆ జాబితాలో 1237 ముక్కలు పడతాయి. అవన్నీ అనుమానమేనని మొత్తం తిరిగి తెచ్చుకుంటుంది. బి మీద కొత్తగా రాసినవి దానికి అదనం. నిమిషంన్నరలో రెండూ సమానమయ్యాయి.

జులైలో ఒక రాత్రి ఏ సర్వర్ పవర్ సప్లై కాలిపోయింది. నైట్ డ్యూటీలో ఉన్న టెక్నీషియన్ కుర్రాడు ఒంటిగంట దాటాక ఫోన్ చేశాడు.

“సార్, కాగితం చూసే చేశాను. సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది, ఇందాకటి శాంపిల్ కూడా కనిపిస్తోంది. ప్లగ్ ఇంకా చేతిలోనే ఉంది సార్, కింద పెట్టొచ్చా?”